మూట ఆగితే మచ్చ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం లక్క పాలిష్ గురించే. అందుకని శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. అతుకుల గురించి, జిగురు గురించి అడిగినవాళ్లు కోప్పడకండి, మీ వంతు వచ్చే నెల.

ప్రశ్న: మేడమ్, పాత టీపాయ్‌కి ఫ్రెంచ్ పాలిష్ పెడదామని లక్క కరిగించి నాలుగు రోజులుగా రుద్దుతున్నాను. మెరుపు రాలేదు సరికదా, గుడ్డ అంటుకుపోయి దాని నేత అచ్చు పడుతోంది. వీడియోల్లో అరగంటలో అద్దంలా చేసేస్తున్నారు. నేను కొన్న లక్క మంచిది కాదేమో?

జవాబు: పాపం, లక్కని ఏమీ అనకండి. ఫ్రెంచ్ పాలిష్ అంటే సీసాలో ఉండే సరుకు కాదండీ, పూసే పద్ధతి. సరుకు మామూలు లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కట్టుకునే గూడు నుంచి వస్తుంది. దాన్ని శుభ్రం చేసి రేకులుగా చేస్తారు, మనం స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో కరిగిస్తాం. బ్రష్‌తో పూస్తే అది ఉత్త లక్క పూత. అదే లక్కని గుడ్డ చుట్టిన మూటతో, ఉల్లిపొర కన్నా పలచగా, పదుల కొద్దీ పూతలుగా ఎక్కిస్తే ఫ్రెంచ్ పాలిష్.

మీ తప్పు మూటలో ఉంది. మీరు మూట అడుగుని నేరుగా లక్కలో ముంచుతున్నారని నా అనుమానం. అలా చెయ్యకూడదు. లోపల గుప్పెడు ఉన్ని గానీ దూది గానీ పెట్టండి. పైన చాలాసార్లు ఉతికిన, పీచు ఊడని నూలు గుడ్డ చుట్టి మెలి తిప్పండి. అడుగున ఒక్క ముడత కూడా ఉండకూడదు. లక్క పోయాలంటే గుడ్డ విప్పి లోపలి ఉన్ని మీదే పోయాలి. మళ్లీ చుట్టి, కాగితం మీద గట్టిగా నొక్కి మిగులంతా తీసెయ్యాలి. ఆ తర్వాత మూటని చేతి వెనక అద్దితే చల్లగా తగలాలి, అంతలోనే ఆరిపోవాలి. తడి కనిపించిందంటే ఎక్కువైనట్టే. పాళ్లు కూడా చెబుతాను: లీటరు స్పిరిట్‌కి 240 గ్రాముల రేకులతో మొదలుపెట్టి, పోనుపోను స్పిరిట్ కలిపి 120 గ్రాముల పలచనకి తీసుకురండి. చిన్న టీపాయ్‌కి అందులో ఐదో వంతు కలిపినా మిగిలిపోతుంది.

ఇక అంటుకోవడం సంగతి. లక్క ఎంత ఎండినా స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. కొత్త పూత పాత పూతలో కలిసి ఒకటే పొర అయ్యేది ఆ గుణం వల్లే. తడి మూట ఒక్కచోట నిలబడితే కింద కట్టిందంతా లేచిపోయేదీ దానివల్లే. కాబట్టి నడుస్తున్న బస్సు ఎక్కి దిగినట్టు, మూట కదులుతూనే చెక్క మీదికి రావాలి, కదులుతూనే దిగిపోవాలి. ముందు చిన్న సున్నాలు, తర్వాత 8 అంకె, చివర చెక్క రేఖ వెంట పొడుగు గీతలు.

నేను నేర్చుకునే రోజుల్లో ఒక రాత బల్ల దాదాపు అయిపోవచ్చింది. నా మొహం అందులో కనిపిస్తుంటే తెగ మురిసిపోతున్నాను. ఎవరో పేరు పెట్టి పిలిస్తే తల తిప్పాను. చెయ్యి ఆగింది. రెండు సెకన్లు కూడా ఉండదు. చూసేసరికి నిమ్మకాయంత మచ్చ, అందులో గుడ్డ పోగులు లెక్కపెట్టుకోవచ్చు. కంగారులో అదే చోట మళ్లీ రుద్దబోయాను. మా మేస్త్రి వచ్చి ఏమీ అనకుండా మూట నా చేతిలోంచి తీసుకుని, గాజు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. "రేపు రామ్మా" అన్నాడు.

మీకూ అదే చెబుతున్నాను. మచ్చ పడగానే దిద్దబోతే అది గుంట అవుతుంది. రాత్రంతా వదిలెయ్యండి. మర్నాడు 400 నంబరు గరుకు కాగితంతో మెల్లగా సాపు చేసి, దుమ్ము తుడిచి కొనసాగించండి. మామూలుగా కూడా పదిహేను, ఇరవై నిమిషాలు చేసి ఆపేయాలి. మూట ఈడ్చుకుపోతున్నట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడిక బతిమాలి లాభం లేదు. వీడియోలో అరగంట అంటారా, మధ్యలో ఉన్న రాత్రులన్నీ కత్తిరించేశారు.

అప్పటికీ పట్టేస్తుంటే మూట అడుగున వేలి కొసతో ఒక్క చుక్క అవిసె నూనె రాయండి. అది మెరుపు కోసం కాదు, జారడానికి మాత్రమే. నూనె సరిపోతే మూట వెనకాలే ఒక మసక జాడ పరిగెత్తి, చూస్తుండగానే ఆవిరై మాయమవుతుంది. జాడ పోకుండా ఉండిపోతే నూనె ఎక్కువైంది. చివరి రోజు కొత్త గుడ్డలో నాలుగు చుక్కల స్పిరిట్ పోసి, దాదాపు పొడిగా ఉన్న ఆ మూటతో తేలిగ్గా గీతలు లాగితే పైన మిగిలిన నూనె లేచి వచ్చేస్తుంది. అసలు మెరుపు అప్పుడు చూస్తారు. నూనె అంటిన గుడ్డలు మాత్రం ఉండ చుట్టి మూలన పడెయ్యకండి. అవిసె నూనె గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ తనంతట తనే అంటుకోవచ్చు. నీళ్లలో ముంచి గానీ, విప్పి ఆరేసి గానీ పారెయ్యండి. స్పిరిట్ పని కిటికీలు తీసి, మంటకి దూరంగా. లక్క ఇల్లు కథ మనకి ఒకరు చెప్పాలా!

ప్రశ్న: వానాకాలంలో కుర్చీకి లక్క పూశాను. ఆరాక తెల్లగా పాలు ఒలికినట్టు మసక వచ్చింది. మొత్తం గీకెయ్యాలా?

జవాబు: వద్దండీ. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడి గాలిలోని తేమని పూతలోకి లాగేసుకుంటుంది. ఆ తేమే తెలుపు. పొడి రోజు దాకా ఆగి, స్పిరిట్ చూపించామా లేదా అన్నట్టున్న గుడ్డతో ఒక్కసారి తుడవండి. పూత కాస్త కరిగి తేమ బయటికి పోతుంది. వేడి గ్లాసు పెట్టిన తెల్ల వలయానికి కూడా ఇదే వైద్యం. అన్నట్టు, మూత తీసి ఉంచిన స్పిరిట్ కూడా నీళ్లు తాగుతుంది, కొత్త సీసా వాడండి.

ప్రశ్న: నిరుడు కలిపిన లక్క సీసాలో సగం ఉంది. వాడొచ్చా?

జవాబు: నేనైతే ఆరు నెలలు దాటితే నమ్మను. కరిగిన లక్క స్పిరిట్‌తో మెల్లగా చర్య జరిపి, గట్టిపడే గుణం పోగొట్టుకుంటుంది. గాజు పలక మీద ఒక చుక్క పలచగా రాయండి. గంట తర్వాత కూడా వేలికి జిగటగా తగిలితే పారబోయండి. సగం సీసా మీద మమకారంతో పూశారంటే ఆ బల్ల ఏడాదంతా అంటుకుంటూనే ఉంటుంది. ఇకనుంచి రేకులు పొడిగా దాచుకుని కావలసినంతే కలుపుకోండి. ఇనప డబ్బాలో వద్దు, రంగు నల్లబడుతుంది.

ప్రశ్న: అమ్మమ్మ పెట్టె మీదున్నది లక్కో కాదో ఎలా తెలుస్తుంది? దాని మీద పాలీయురేథేన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి వార్నిష్) వెయ్యొచ్చా?

జవాబు: పెట్టె అడుగున కనిపించని చోట ఒక చుక్క స్పిరిట్ పెట్టి నిమిషం ఆగండి. జిగటగా మారితే లక్క. చలనం లేకపోతే పాలీయురేథేన్ లాంటిదేదో ఎవరో ముందే వేసేశారు. లక్కలో సహజంగా కొంత మైనం ఉంటుంది, దాని మీద పాలీయురేథేన్ సరిగ్గా పట్టదు. మైనం తీసిన లక్క మీదైతే పడుతుంది. కానీ ఆ పెట్టె మీద మీరేమైనా వేడి గిన్నెలు దించుతారా? దించకపోతే లక్కే ఉంచండి. రేపు గీత పడితే అక్కడ వరకే దిద్దుకోవచ్చు. పాలీయురేథేన్ అయితే ఆ సౌకర్యం ఉండదు. భోజనాల బల్లకైతే నేనే లక్క వద్దంటాను.

ప్రశ్న: పాత గ్రామఫోన్ రికార్డులు లక్కతో చేసినవేనట కదా. మా అటక మీద ముప్పై ఉన్నాయి. కరిగించి పాలిష్‌కి వాడొచ్చా?

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల్లో లక్క ఉన్న మాట నిజమే, కానీ ఎక్కువ పాలు రాతిపొడి, పైగా నల్ల రంగు. స్పిరిట్‌లో వేస్తే మీకు మిగిలేది నల్ల బురద. మళ్లీ అటక మీదే పెట్టేయండి. దొంతరగా కాకుండా నిలువుగా పెట్టండి, లేకపోతే వంగిపోతాయి.