గణిత ప్రశ్నోత్తరాలు: అవే సమీకరణాలు, దారి తప్పిన జవాబు

ప్రశ్న: 4క + ఖ = 9, క + 3ఖ = 5 అనే సమీకరణాలను గాస్-సైడల్ పద్ధతిలో (ఊహించిన విలువలతో మొదలుపెట్టి, ఒక్కో సమీకరణం నుంచి ఒక్కో రాశిని లెక్కిస్తూ, వచ్చిన కొత్త విలువనే వెంటనే వాడుతూ దఫాలుగా జవాబుకు దగ్గరయ్యే పద్ధతి) సాధించమన్నారు. ఇద్దరమూ సున్నాలతోనే మొదలుపెట్టినా నా మిత్రుడికి మూడు దఫాల్లో జవాబు చిక్కింది. నాకు మాత్రం రెండో దఫాకే 38, -143 వచ్చాయి. నేను క విలువను రెండో సమీకరణం నుంచీ, ఖ విలువను మొదటి సమీకరణం నుంచీ తీసుకున్నాను, అంతే తేడా. తొలగింపు పద్ధతిలో కచ్చితమైన జవాబు రెండు నిమిషాల్లో వస్తుండగా, ఊహతో మొదలయ్యే ఈ పద్ధతి అసలెందుకు?
– బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి, చిక్కంతా మీరు చెప్పిన ఆ తేడాలోనే ఉంది. మీ మిత్రుడికి క విలువలు వరుసగా 2.25, 2.0208, 2.0017 వచ్చి ఉంటాయి. అసలు జవాబు క = 2, ఖ = 1 కనుక, అతని తప్పు (వచ్చిన విలువకూ అసలు జవాబుకూ తేడా) దఫాదఫాకూ పన్నెండో వంతుకు తగ్గుతోంది. క లోని తప్పు ఖ కు చేరేటప్పుడు 3తోనూ, ఖ నుంచి తిరిగి క కు చేరేటప్పుడు 4తోనూ భాగింపబడటమే అందుకు కారణం. మీరు వరుస మార్చడంతో అవే 3, 4 గుణించే అంకెలుగా మారాయి. అందువల్ల మీ తప్పు 3 నుంచి 36కు, అంటే సరిగ్గా పన్నెండు రెట్లు పెరిగింది.

ప్రతి వరుసలోనూ వికర్ణం మీది గుణకం (మొదటి వరుసలో మొదటి రాశి ముందున్న అంకె, రెండో వరుసలో రెండో రాశి ముందున్నది, అలా), గుర్తుతో నిమిత్తం లేకుండా, తక్కిన గుణకాల మొత్తం కంటే పెద్దదైతే ఈ పద్ధతి తప్పక అభిసరిస్తుంది, అంటే అసలు జవాబుకు చేరువవుతూ పోతుంది. ఆ షరతు లేకున్నా అభిసరించే సందర్భాలున్నాయి కానీ, లెక్క మొదలుపెట్టే ముందు వరుసలను అటూ ఇటూ మార్చి చూసుకోవడం మంచిది. తొలి ఊహ గురించి మాత్రం బెంగ అక్కరలేదు. మీ మిత్రుడు ఖ ను సున్నాకు బదులు వెయ్యిగా ఊహించినా అదే దగ్గరితనానికి ఇంకో మూడు దఫాలు పట్టేవి, అంతే. మధ్యలో చేయి జారి ఒక అంకె తప్పు పడినా తర్వాతి దఫాలు దాన్ని సర్దుకుంటాయి. సర్వే లెక్కలతో సతమతమవుతున్న రోజుల్లో జర్మన్ గణితవేత్త గాస్ ఈ సుగుణాన్ని గుర్తించి, 1823 డిసెంబరు 26న తన పూర్వ శిష్యుడు గెర్లింగ్‌కు రాసిన ఉత్తరంలో, ఈ పనిని సగం నిద్రలో ఉండి కూడా చేసుకోవచ్చన్నాడు. అయితే ఆయన వరుసగా ఒక్కో చరరాశిని పట్టుకుపోలేదు. ఎక్కడ లోటు (సమీకరణం రెండు వైపుల మధ్య తేడా) ఎక్కువగా ఉందో అక్కడ ముందు సరిదిద్దేవాడు. పద్ధతి పేరులోని రెండోవాడైన సైడల్ వ్యాసం 1874 నాటిది. పాఠ్యపుస్తకంలోని పద్ధతికి ఈ ఇద్దరి పేర్లూ ఎంతవరకు తగినవో చెప్పడం కష్టమే.

ఇక మీ రెండో సందేహం: రెండు సమీకరణాలకు తొలగింపు పద్ధతే మేలు, అందులో వాదన లేదు. కానీ ఒక లోహపు పలకను అడ్డంగా వెయ్యి, నిలువుగా వెయ్యి బిందువులుగా విభజించి ప్రతి బిందువు వద్ద ఉష్ణోగ్రత కనుక్కోవాలనుకోండి. తెలియని రాశులు పది లక్షలు. ఒక్కో సమీకరణంలో ఆ బిందువూ, దాని నాలుగు పొరుగు బిందువులూ కలిసి అయిదుకు మించి పదాలుండవు, అంటే సున్నా కాని గుణకాలు యాభై లక్షల లోపే. గుణకాల పట్టిక అయిన మాత్రిక మొత్తాన్ని రాసిపెట్టుకుంటే లక్ష కోట్ల గడులు కావాలి. తొలగింపు సాగేకొద్దీ సున్నాలున్న చోట చాలావాటిలో కొత్త అంకెలు పుట్టుకొస్తాయి. గాస్-సైడల్ వంటి పునరుక్త పద్ధతి (ఒకే లెక్కను మళ్లీ మళ్లీ చేసేది) ఆ సున్నాల జోలికే పోదు. నిజానికి ఇంత పెద్ద పలక మీద గాస్-సైడల్ కూడా నత్తనడక నడుస్తుంది. అందుకే 1952లో హెస్టెనెస్, స్టీఫెల్ ప్రచురించిన సంయుగ్మ ప్రవణత (కాంజుగేట్ గ్రేడియెంట్) అనే మరో పునరుక్త పద్ధతి వంటివాటిని ఇలాంటి లెక్కలకు వాడుతుంటారు.