60 నెలల ఫెలోషిప్, 72 నెలల పీహెచ్‌డీ

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల మీద పరిశోధన. యూజీసీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదలై 14 నెలలైంది. హాస్టల్లో ఉంటాను, మెస్సు, సొంత ఖర్చులు కలిపి నెలకు 15,000. జగిత్యాలలో ఉన్న అమ్మానాన్నలకు 10,000 పంపుతాను. నాలుగు నెలలుగా ఫెలోషిప్ ఆగిపోయింది. దాచుకున్న 30,000 అయిపోయి, మరో 30,000 చేబదుళ్లు చేశాను. ఆ నాలుగు నెలలూ ఇంటికి ఏమీ పంపలేకపోయాను. మొన్న 1,48,000 ఒకేసారి పడింది. తెలిసినవాళ్ల దగ్గర 2.5 లక్షల చిట్టీలో చేరమని నాన్న అంటున్నారు (25 నెలలు, నెలకు 10,000). ఐఐటీలో పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్) మీద చేస్తున్న ఫ్రెండ్ ఏమో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేయడం) మొదలుపెట్టమంటోంది. ఏది మంచిది?

జవాబు: ముందు చిట్టీ సంగతి తేల్చేద్దాం. చేరకండి. నెలకు వచ్చే 37,000లో 25,000 పోగా 12,000 మిగులుతోంది కాబట్టి 10,000 కట్టగలననే అనిపిస్తుంది. కానీ చిట్టీ వాయిదా నెలనెలా తేదీకి కట్టాలి, మీ డబ్బేమో నెలల తరబడి ఆగి ఒకేసారి వస్తోంది. మొన్నటి నాలుగు నెలల్లో ఈ చిట్టీ కూడా ఉండి ఉంటే మీ చేబదులు 70,000 అయ్యేది. వాయిదా తప్పితే చాలా చిట్టీల్లో ఆ నెల డివిడెండ్ ఇవ్వరు. పాట పాడి ఎత్తుకుందామంటే జీతం స్లిప్పున్న జామీనుదార్లను తెమ్మంటారు. పైగా ‘తెలిసినవాళ్లు’ అన్నారు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ కాని చిట్టీ అయితే, రేపు తేడా వస్తే గట్టిగా అడగడానికి చేతిలో కాగితం కూడా ఉండదు.

ఇక అసలు లెక్క. జేఆర్‌ఎఫ్ రెండేళ్లకు నెలకు 37,000 చొప్పున 8.88 లక్షలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మూడేళ్లకు 42,000 చొప్పున 15.12 లక్షలు. మొత్తం సరిగ్గా 24 లక్షలు, 60 నెలలకు. మరి థీసిస్ 60 నెలల్లో అయిపోతుందా? మీ డిపార్ట్‌మెంటులో సీనియర్లనే అడగండి, నవ్వుతారు. యూజీసీ 2022 నిబంధనలే పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువు ఇచ్చాయి, ఆపైన పొడిగింపులు వేరే. 24 లక్షల్ని 72 నెలలకు పంచితే నెలకు 33,333. మీ ఆదాయం ఇదీ. ఎస్‌ఆర్‌ఎఫ్ వచ్చాక కూడా 42,000 అనుకోకండి.

మీ సబ్జెక్టులో ఇంకో చిల్లు ఉంది: ఫీల్డ్‌వర్క్. సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు రసాయనాలు, పరికరాలు చాలావరకు గైడు ప్రాజెక్టులోంచి వస్తాయి. సిరిసిల్లలో గది అద్దె ఎవరి ప్రాజెక్టులోంచీ రాదు. పరిశోధన ఖర్చులకు ఫెలోషిప్‌తోపాటు ఇచ్చే కంటింజెన్సీ ఉంది కదా అంటారేమో. సామాజిక శాస్త్రాలకు అది మొదటి రెండేళ్లూ ఏడాదికి 10,000, తర్వాత 20,500. అదీ ముందు మీరు ఖర్చుపెట్టి, బిల్లు పెట్టుకుంటే వచ్చేది. బస్సు టికెట్టు కూడా పారేయకండి.

కాబట్టి ఈ 1,48,000లోంచి ఈ వారమే చేబదుళ్లు 30,000 తీర్చేయండి. ఫీల్డ్‌వర్కుకు 25,000 పక్కన పెట్టండి. మిగిలే 93,000 ఆటో స్వీప్ (పరిమితి దాటిన డబ్బు దానంతటదే ఎఫ్‌డీలోకి పోయే ఏర్పాటు) ఉన్న సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఆరు నెలల ఖర్చు, అంటే 1.5 లక్షలు అక్కడ చేరేదాకా దాన్ని వేరే దేనికీ ముట్టుకోవద్దు.

ఫెలోషిప్ లేని ఆరో ఏడాదికి ఇంకో ఖాతా. ఇంటికి పంపేదీ కలుపుకుంటే ఏడాదికి 3 లక్షలు కావాలి. ఇంకా 46 నెలల ఫెలోషిప్ రావాలి కనుక నెలకు 6,500 చొప్పున తీయాలి. దీన్ని రికరింగ్ డిపాజిట్‌గా కట్టకండి, మళ్లీ తేదీల గొడవే. మూడు నెలల డబ్బు ఒకేసారి పడితే 19,500 ఎఫ్‌డీ చేసేయండి. 12,000లో నెలకు మిగిలే 5,500 మొదటి ఖాతాకు పోతే పది పదకొండు నెలల్లో అది నిండుతుంది. అప్పటికి ఎస్‌ఆర్‌ఎఫ్ వేళవుతుంది. అది దానంతటదే రాదు, కమిటీ చూసి సరేననాలి. 22వ నెల నుంచే ఫైలు వెంటపడండి.

సిప్ ఆ తర్వాతి మాట. పీఎంఆర్‌ఎఫ్ మీద మీ ఫ్రెండ్‌కు మొదటి రెండేళ్లూ నెలకు 70,000, పైన ఏటా 2 లక్షల రీసెర్చ్ గ్రాంటు. ఆమె సిప్ ఆమెకు చెల్లుతుంది. మీ క్యాంపస్‌లోనే నాన్-నెట్ (నెట్ ద్వారా జేఆర్‌ఎఫ్ రానివాళ్లకిచ్చే ఫెలోషిప్) కింద నెలకు 8,000తో నెట్టుకొచ్చేవాళ్లనూ చూసే ఉంటారు. ఎస్‌ఆర్‌ఎఫ్ వచ్చాక మీరూ ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) వేయండి, కాకపోతే ఆటో డెబిట్ లేకుండా, డబ్బు పడినప్పుడే.

పన్ను గురించి బెంగ వద్దు. చదువు కోసం ఇచ్చే ఫెలోషిప్‌కు మినహాయింపు ఉంది. ఎఫ్‌డీ వడ్డీ మాత్రం ఆదాయం కిందికే వస్తుంది. ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి, ఈ వయసులో ప్రీమియం తక్కువ. టర్మ్ పాలసీ ఉద్యోగం వచ్చాక చూద్దాం.

నాన్నగారికి చిట్టీ వద్దని చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పండి. ఆ మొదటి ఖాతా నిండాక, ఫెలోషిప్ పడినా పడకపోయినా, ఆయనకు 10,000 ఒకటో తారీఖునే వస్తుంది.