లైవ్‌కి హైబ్రిడ్ ట్యూబ్ బేస్ ఆంప్ కొనేముందు ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇన్నాళ్లూ ఇంట్లో చిన్న కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే డబ్బాలో ఉండేది) మీద బేస్ గిటార్ ప్రాక్టీస్ చేశారు, ఇప్పుడు డ్రమ్స్, రెండు గిటార్లు, కీబోర్డు ఉన్న బ్యాండులో చేరారు, కేఫ్‌లు, కాలేజీ ఫెస్టులు, సంగీత్ ఫంక్షన్లు మొదలయ్యాయి. ఫుల్ ట్యూబ్ ఆంప్ (పూర్తిగా గాజు వాల్వులతో నడిచేది) మోయడమూ కష్టం, కొనడమూ కష్టం కాబట్టి హైబ్రిడ్ హెడ్ (స్పీకర్ లేకుండా విడిగా వచ్చే ఆంప్) వెతుకుతున్నారు. రెండు 10 అంగుళాల స్పీకర్లున్న 8 ఓమ్‌ల (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు కొలత) క్యాబినెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. హైబ్రిడ్‌లో నిజంగా ట్యూబ్ సౌండ్ వస్తుందా, ఎన్ని వాట్లు కావాలి అని అడిగారు.

ట్యూబ్ సౌండ్ వస్తుంది, కాకపోతే సగం. లైవ్‌కి ఆ సగం చాలు. నేను హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా ఇలాంటి హెడ్‌తోనే వాయిస్తున్నాను, కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: మీ క్యాబినెట్ ఓమ్‌ల దగ్గర ఆ హెడ్ ఎంత పవర్ ఇస్తుంది, డీఐ లైన్ (ఆంప్ నుంచి నేరుగా మిక్సర్‌కి వెళ్లే సిగ్నల్) ఎక్కడినుంచి తీసుకుంటుంది, ఈ రెండూ ముందు చూడండి. ట్యూబ్ సంగతి ఆ తర్వాత.

హైబ్రిడ్ అంటే సాధారణంగా ముందు భాగం, అంటే ప్రీఆంప్, ట్యూబ్‌తో నడుస్తుంది, స్పీకర్‌ని తోసే పవర్ ఆంప్ ట్రాన్సిస్టర్లతోనో క్లాస్ డీ (తక్కువ బరువు, తక్కువ వేడితో పని చేసే ట్రాన్సిస్టర్ సర్క్యూట్) తోనో నడుస్తుంది. ఫుల్ ట్యూబ్ ఆంప్ బరువంతా ప్రధానంగా ట్రాన్స్‌ఫార్మర్లదే. ట్యూబులు నేరుగా 4, 8 ఓమ్‌ల స్పీకర్‌ని నడపలేవు కాబట్టి మధ్యలో పెద్ద అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టక తప్పదు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల ట్యూబ్ హెడ్, అది ఒక్కటే 35 కిలోల పైమాట. అదే ఈ రోజుల్లో క్లాస్ డీ హైబ్రిడ్ హెడ్ రెండు మూడు కిలోల్లో 500 వాట్లు ఇస్తుంది, బైక్ మీద బ్యాగులో వేసుకుని వెళ్లిపోవచ్చు, విమానంలో 15 కిలోల లగేజీలో బట్టలతో పాటు సర్దేయచ్చు. పోగొట్టుకునేది ఏంటంటే, పవర్ ట్యూబుల్ని బాగా గట్టిగా నడిపినప్పుడు నోట్ కొంచెం అణిగి, లావెక్కి వచ్చే ఆ గుణం. అది ప్రీఆంప్ ట్యూబ్ ఇవ్వలేదు. కానీ ఆ తేడా ఎక్కువగా స్టేజ్ మీద క్యాబినెట్ ముందు నిలబడ్డ మీకే తెలుస్తుంది, ఎందుకంటే హాల్లో జనం వినేది చాలావరకు డీఐ నుంచి పెద్ద స్పీకర్లలోకి వెళ్లిన బేస్.

ట్యూబ్ విషయంలో ఒక్కటి గమనించండి. ముందు కిటికీలోంచి నారింజ రంగులో వెలుగుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ వెలుగు హీటర్‌ది (ట్యూబ్‌ని వేడి చేసే తీగది) మాత్రమే. దాదాపు అన్ని ట్యూబ్ ప్రీఆంపుల్లో వాడే 12ఏఎక్స్7 అనే ట్యూబ్ హీటర్‌కి 12.6 వోల్టులు చాలు, సౌండ్‌ని నిర్ణయించేది ట్యూబ్ లోపలి ప్లేట్‌కి ఇచ్చే వోల్టేజ్. ఆ ట్యూబ్ 200, 300 వోల్టుల దగ్గర హాయిగా పని చేసేలా తయారైంది. కొన్ని చవక సామాన్లలో కొద్ది పదుల వోల్టులే ఇచ్చి నడిపిస్తారు, ఇంకొన్నింట్లో వెనక ఎల్‌ఈడీ పెట్టి వెలుగు పెంచుతారు. ఇది చెవితోనే పట్టుకోవచ్చు. గెయిన్ సగం పెట్టి ఒకే నోట్ మెల్లగా మొదలుపెట్టి క్రమంగా గట్టిగా కొట్టుకుంటూ పోండి, మంచి సర్క్యూట్‌లో నోట్ కొద్దికొద్దిగా గరుకెక్కుతుంది, సరిగా లేనిదైతే ఒక దెబ్బ దాకా శుభ్రంగా ఉండి మరుసటి దెబ్బకి ఒక్కసారిగా చిరిగినట్టు వినిపిస్తుంది.

పేరు చూసి కూడా నిర్ణయించకండి. డార్క్‌గ్లాస్ మైక్రోట్యూబ్స్ 900 పేరులో ట్యూబ్ ఉన్నా లోపల ట్యూబ్ లేదు, అయినా చాలా మంచి ఆంప్. పాత మ్యూజిక్ మ్యాన్ హెచ్‌డీ-130 కూడా హైబ్రిడ్డే, కానీ తిరగేసినది: ముందు ట్రాన్సిస్టర్లు, పవర్‌కి ట్యూబులు, కాబట్టి బరువూ మెయింటెనెన్సూ ఫుల్ ట్యూబ్ ఆంప్ లాగే ఉంటాయి. మార్క్‌బేస్ లిటిల్ మార్క్ ట్యూబ్ 800లో ట్యూబ్ దారి, ట్రాన్సిస్టర్ దారి రెండూ ఉంటాయి, ఏది ఎంత కావాలో ఒక నాబ్‌తో కలుపుకోవచ్చు. అన్ని రకాల పాటలూ వాయించే బ్యాండుకి అది నిజంగా పనికొస్తుంది. ఆరెంజ్ టెర్రర్ బేస్ 500 వాట్లది, గరుకు సౌండ్ ఇష్టమైతే దాని జోలికి వెళ్లండి, సినిమా మెలడీలే ఎక్కువైతే వద్దు.

వాట్ల దగ్గరికి వస్తే, డబ్బాల మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె సాధారణంగా 4 ఓమ్‌లకి రాసింది. మీది 8 ఓమ్‌ల క్యాబినెట్. హార్ట్‌కీ ఎల్‌హెచ్500 4 ఓమ్‌లకి 500 వాట్లు ఇస్తే 8 ఓమ్‌లకి 350 దాకా ఇస్తుంది, ఆంపెగ్ ఎస్‌వీటీ-3ప్రో 4 ఓమ్‌లకి 450, 8 ఓమ్‌లకి అంతకంటే బాగా తక్కువ. అది చూసి టెన్షన్ పడకండి, పవర్ రెట్టింపైనా సౌండ్ పెరిగేది 3 డెసిబెల్సే, కాబట్టి 300కీ 350కీ తేడా మీకూ తెలియదు, మీ డ్రమ్మర్‌కీ తెలియదు. చెవికి తెలిసేది స్పీకర్ వైశాల్యం. బేస్‌లో అన్నిటికంటే లావైన 'E' స్ట్రింగ్ ఓపెన్‌గా కొడితే సుమారు 41 హెర్ట్జ్, అంత కింద మన చెవి మందం, అక్కడ గాలిని కదిలించాలంటే ఎక్కువ పేపర్ (స్పీకర్ కోన్) కావాలి. అందుకే 800 వాట్ల హెడ్‌కి డబ్బు పోయకుండా 500 వాట్లది కొనుక్కుని, వీలైనప్పుడు అలాంటిదే ఇంకో 8 ఓమ్‌ల క్యాబినెట్ కలపండి. రెండు 8 ఓమ్‌లు పక్కపక్కన కలిస్తే 4 ఓమ్‌లు, అప్పుడు హెడ్ పూర్తి పవర్ ఇస్తుంది, పేపర్ కూడా రెట్టింపవుతుంది. మూడోది మాత్రం తగిలించొద్దు, 4 ఓమ్‌ల కంటే కిందికి దిగితే చాలా హెడ్‌లు వేడెక్కి ఆగిపోతాయి, రక్షణ సర్క్యూట్ సరిగా లేనివి కాలిపోతాయి కూడా.

ఓమ్‌ల విషయంలోనే హైబ్రిడ్‌కి లైవ్‌లో ఒక పెద్ద లాభం ఉంది, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. ఫుల్ ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది. మామూలు హైబ్రిడ్‌లో పవర్ భాగం ట్రాన్సిస్టర్లది కాబట్టి స్పీకర్ లేకపోయినా సాధారణంగా ఫర్వాలేదు (హెచ్‌డీ-130 లాంటి తిరగేసినవాటికి ఇది వర్తించదు). గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు చిన్న కేఫ్‌లలో స్టేజ్ అంటే ఒక మూల, అక్కడ క్యాబినెట్‌కి చోటుండదు, సౌండ్ తగ్గించమని ఓనర్ పాట పాటకీ వస్తాడు. అలాంటి చోట నేను హెడ్ ఒక్కటే తీసుకెళ్లి డీఐ ఇచ్చేస్తాను, ట్యూబ్ ప్రీఆంప్ సౌండ్ అలాగే మిక్సర్‌కి వెళుతుంది, నాకు మానిటర్‌లో వినిపిస్తుంది.

అలా వెళ్లాలంటే డీఐకి ప్రీ, పోస్ట్ స్విచ్ ఉండాలి. చాలావాటిలో ప్రీలో పెడితే మీ బేస్ గిటార్ సౌండ్ ట్యూబ్ దాకా రాకముందే వెళ్లిపోతుంది, ట్యూబ్‌కి పెట్టిన డబ్బు హాల్లో ఒక్కరికీ వినపడదు. పోస్ట్‌లో పెడితే మీ టోన్ అంతా వెళుతుంది, కానీ సౌండ్ చెక్ అయ్యాక మీరు స్టేజ్ మీద బేస్ నాబ్ తిప్పితే హాల్లో కూడా మారిపోతుంది. అందుకని సౌండ్ చెక్ తర్వాత నాబ్‌ల మీద చెయ్యి వేయకండి, వినపడకపోతే మాస్టర్ ఒక్కటే పెంచుకోండి (మాస్టర్ డీఐని మారుస్తుందా లేదా అనేది కొనేముందే చూడండి, చాలావాటిలో మార్చదు). గ్రౌండ్ లిఫ్ట్ బటన్ (డీఐ లైన్‌లో ఎర్త్ కలయికని తెంచేది) కూడా తప్పనిసరి. బయట షామియానా కింద జరిగే సంగీత్‌లలో లైట్లు, సౌండ్, వంటవాళ్ల గ్రైండర్ అన్నీ ఒకే జనరేటర్ మీద ఉంటాయి. ఆ బటన్ ఒక్కటి నొక్కగానే గుయ్యిమనే హమ్ ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

ఇక నాబ్‌ల గురించి ఒక మాట. నేను వాడేది ఎల్‌హెచ్500. దాంట్లో బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ 5 దగ్గర పెడితే ఫ్లాట్ అనుకుంటారు చాలామంది. అది పాత ఫెండర్ ఆంపుల తరహా ప్యాసివ్ టోన్ సర్క్యూట్, మూడూ మధ్యలో ఉంటే మిడ్ బాగా కిందికి తవ్వేసినట్టే. ఇంట్లో ఒక్కరే వాయిస్తే అది వినసొంపుగా ఉంటుంది, కానీ డ్రమ్స్, గిటార్లు మొదలవగానే మీ బేస్ మాయం. నేను బేస్ 2, మిడ్ 10, ట్రెబుల్ 2తో మొదలుపెడతాను, నోట్లు విడివిడిగా, గుండ్రంగా వినిపిస్తాయి, ఆ తర్వాత హాలుని బట్టి కొంచెం బేస్ కలుపుతాను. ట్యూబ్ ప్రీఆంప్ ఉన్న చాలా హెడ్‌లలో ఇదే తరహా సర్క్యూట్ ఉంటుంది, షాపులో ట్రై చేసేటప్పుడు మిడ్ పూర్తిగా తిప్పి వినకుండా ఏ హెడ్‌నీ బాలేదనకండి.

సెకండ్ హ్యాండ్ అయితే పది నిమిషాలు ఆన్‌లో ఉంచాకే వాయించండి. ట్యూబ్‌ని చేరుకోవడానికి వీలుంటే పెన్సిల్ వెనక వైపుతో మెల్లగా తట్టండి, స్పీకర్‌లో గంట కొట్టినట్టు మోగితే ఆ ట్యూబ్ మార్చాలి. ప్రీఆంప్ ట్యూబ్‌కి బయాస్ సెట్టింగ్ లాంటివి అక్కర్లేదు, స్విచ్ తీసి, చల్లారాక లాగి కొత్తది పెట్టడమే. కానీ మూత విప్పాల్సిన హెడ్ అయితే టెక్నీషియన్‌కి ఇవ్వండి, స్విచ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

అమెరికాలో ఉన్న బావగారో అన్నయ్యో వచ్చేటప్పుడు తెప్పించుకునే ఆలోచన ఉంటే వెనక ప్లేట్ ఫొటో ముందే పంపమనండి. చాలా క్లాస్ డీ హెడ్‌లు 100 నుంచి 240 వోల్టుల దాకా వాటంతటవే సర్దుకుంటాయి, పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి 120 వోల్టులకే తయారై ఉంటాయి, వాటిని మన 230కి నేరుగా గుచ్చితే అంతే సంగతులు.

మీకైతే నా సలహా, ఆ రెండు 10 అంగుళాల క్యాబినెట్ తీసేసుకోండి, 4 ఓమ్‌లకి 500 వాట్లు ఇచ్చే హైబ్రిడ్ హెడ్ చూడండి, ట్రై చేయడానికి సొంత బేస్ తీసుకెళ్లండి, కుదిరితే డ్రమ్మర్‌ని కూడా. హెడ్‌కీ క్యాబినెట్‌కీ మధ్య గిటార్ కేబుల్ వాడకండి, స్పీకాన్ (తిప్పితే బిగుసుకునే స్పీకర్ కనెక్టర్) ఉన్న మందపాటి స్పీకర్ కేబుల్ ఆ రోజే కొనుక్కోండి.