యుక్కా పువ్వు దగ్గర ఎవరి లెక్క వాళ్లది

చి. మాధవికి,

సెయింట్ లూయిస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. యుక్కా మొక్కకీ, యుక్కా మాత్ అనే చిన్న రెక్కల పురుగుకీ జన్మజన్మల స్నేహమని మొదటి పేరాలోనే తేల్చేశావు. అక్కడే నాకు పేచీ. స్నేహమో కాదో చదివేవాళ్లు తేల్చుకుంటారులే, నువ్వు ఆ పురుగు చేసే పని చూపించు.

ఎంత పనమ్మా అది! సాయంత్రం విచ్చుకున్న తెల్లటి పువ్వులోకి ఆడ మాత్ దూరుతుంది. దాని రెక్కలూ తెలుపే, కనిపెట్టడం కష్టం. నోటి దగ్గర వంకీ తిరిగిన చేతుల్లాంటివి రెండుంటాయి. వాటితో జిగట పుప్పొడిని గీకి, ముద్ద చేసి, తల కింద ఇరికించుకుంటుంది. ఇంకో పువ్వుకి వెళ్లి, గింజలు తయారయ్యే అండాశయాన్ని గుచ్చి గుడ్డు పెడుతుంది. ఆ తర్వాత పుప్పొడి అందుకునే కొస, అంటే కీలాగ్రం దాకా ఎక్కి, ముద్దలోంచి కొంచెం తీసి అందులో కుక్కుతుంది. ఆ పుప్పొడి తను తినడానికి కాదు. బతికేదే కొద్ది రోజులు.

ఇదంతా నువ్వు 'పరాగ సంపర్కం జరుగుతుంది' అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎవరు చేశారు, దేంతో చేశారు అన్నవన్నీ ఆ 'జరుగుతుంది'లో కొట్టుకుపోయాయి.

పిల్ల పురుగులు కొన్ని గింజలు తిని, మిగతావి మొక్కకి వదిలేస్తాయి. గుడ్లు మరీ ఎక్కువైతే మొక్క ఆ పువ్వునే రాల్చేస్తుంది, లోపలి పురుగులు చస్తాయి. ఇదేం స్నేహం? ఈ మాత్ దగ్గరి బంధువుల్లోనే పుప్పొడి జోలికే పోకుండా, తయారైన కాయల్లో గుడ్లు పెట్టిపోయే దొంగ మాత్‌లూ ఉన్నాయి. వాటి ఊసే ఎత్తలేదు నువ్వు. కథ అందం చెడుతుందనా?

1874లో డార్విన్ ఈ వింతని ఉత్తరంలో మెచ్చుకున్నాడన్న సంగతి కిందికి దించు. పెద్దాయన సర్టిఫికెట్ ముందే చూపిస్తే పురుగు చిన్నబోతుంది. దానికంటే మీ ఊరి డాక్టర్ ఎంగెల్మన్ నయం. యుక్కా తనంతట తాను కాయ కాయలేదని 1872లో గమనించి, మిస్సోరీ రాష్ట్ర కీటక శాస్త్రవేత్త రైలీకి చెప్పింది ఆయనే. రైలీ రాత్రిళ్లు పువ్వుల దగ్గర కాపు కాసి అసలు సంగతి పట్టుకున్నాడు.

పక్కింటి పెరట్లో యుక్కా ఉందన్నావుగా. వాళ్లనడిగి ఎండిన కాయ ఒకటి కోసుకో. పురుగు బయటికొచ్చిన కన్నం కనిపిస్తుందేమో చూడు. అది నేలలో దూరి గూడు కట్టుకుంటుంది, ఒక్కోసారి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. కాయ చీల్చి, వరసగా పేర్చినట్టుండే నల్ల గింజల్లో తిన్నవెన్నో, మిగిలినవెన్నో లెక్కపెట్టు. ఆ అంకెలు వేసి వ్యాసం మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
బాబాయి