పన్నెండేళ్ల అనుభవం తరువాత మళ్లీ మొదటి మెట్టు

ప్రశ్న: నా వయసు 36. పన్నెండేళ్లుగా అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మూడు నెలల కిందట దూరవిద్యలో మనస్తత్వశాస్త్రం మొదలుపెట్టాను. జ్ఞాపకశక్తి పాఠం చదివాక, నాన్న చెప్పిందే ఎందుకు చెబుతున్నారో అర్థమై ఆయనను విసుక్కోవడం మానేశాను. ఉద్యోగం వదిలి పూర్తిగా ఇదే చదవాలని ఉంది. కానీ పుస్తకం నిండా గణాంకాలే. చదివింది మర్నాటికి గుర్తుండటం లేదు. ఆఫీసులో చిక్కు లెక్కలన్నీ నా దగ్గరికే వస్తాయి, ఇక్కడేమో ఇరవై ఏళ్ల పిల్లలు నాకన్నా ముందు జవాబు చెబుతున్నారు. మావారు వద్దనరు గానీ, ‘ఈ వయసులో మళ్లీ మొదటి మెట్టు నుంచా?’ అంటారు. ఆ మాటకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: చిక్కు లెక్కలు, ఇరవై ఏళ్ల పిల్లలు అని మీరు రాసిన చోట నేను చాలాసేపు ఆగాను. మీ దిగులుకు కారణం వయసు కాదనిపించింది. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న ‘తెలిసిన మనిషి’ అన్న పేరు ఆ తరగతిలో చెల్లడం లేదు. పాఠాలు కష్టమని ముందే చెప్పేవాళ్లు ఉంటారు, ఇలా చిన్నబోవలసి వస్తుందని ఎవరూ చెప్పరు. మీవారి మాట అంతగా గుచ్చుకున్నది అందుకే.

వెంకీ రామకృష్ణన్ 1976లో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేశాక, జీవశాస్త్రం కోసం మళ్లీ విద్యార్థిగా చేరారు. 2009లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ బహుమతి సంగతి పక్కన పెట్టండి. డాక్టరేట్ చేతిలో ఉండి విద్యార్థుల వరుసలో కూర్చున్న ఆ రోజులను ఒకసారి ఊహించుకోండి.

ఇక మరచిపోవడం. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల వరుసలు బట్టీపట్టి, ఎంత గుర్తుంటుందో తన మీదే పరీక్షించుకుని 1885లో ఫలితాలు ప్రచురించారు. తొలి గంటలోనే సగానికి పైగా జారిపోయింది. అప్పటికి ఆయనది ఇంచుమించు మీ వయసే! 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగం మీకు ఇంకా పనికొస్తుంది. పాఠాన్ని మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత మెరుగ్గా చెప్పారు. వారం గడిచాక మాత్రం, మళ్లీ చదవకుండా గుర్తున్నది రాసి చూసుకున్నవారే ముందున్నారు. కాబట్టి రేపటి నుంచి పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి. తప్పులు వస్తాయి. రానివ్వండి.

గణాంకాలు ఈ చదువుకు అడ్డం కావు, పునాది. మనుషుల గురించి మనకు తోచినదంతా నిజం కాదు గనుక కొలిచి చూడాలి. పట్టికలకు జంకని అలవాటు మీకు బలం. అయితే ఆ అలవాటే ఒక్కోసారి ఇరుకున పెడుతుంది. ఖాతాల్లో తేడా లేకుండా తేలితేనే పని ముగిసినట్టు. ఇక్కడ పొరపాటుకు ఎంత అవకాశం ఉందో చెప్పడం కూడా జవాబులో భాగమే. ఈ మార్పుకు కాస్త సమయం పడుతుంది.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. మూడు నెలల్లో తేలే సంగతి కాదిది. పైగా మీరు కౌన్సెలర్ కావాలనుకుంటున్నారో, తెలుసుకోవాలన్న కోరికతో చదువుతున్నారో రాయలేదు. తెలుసుకోవడానికే అయితే జీతం వదలవలసిన పనే లేదు. వృత్తిగా చేపట్టాలంటే చాలాచోట్ల పీజీ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ అడుగుతారు, కొన్నిచోట్ల రిజిస్ట్రేషన్ కూడా ఉంటుంది. మీరున్న చోటి నిబంధనలు కనుక్కుని, ఎన్నేళ్లు పడుతుందో కాగితం మీద పెట్టండి. ఏడాది పాటు ఉద్యోగంతో పాటే చదవండి. కష్టమైన పాఠం తరువాత మర్నాడు కూడా మీ అంతట మీరే పుస్తకం తెరుస్తున్నారా, గమనించుకోండి. నిర్ణయానికి మార్కుల కన్నా నేను దాన్నే నమ్ముతాను.

ఒక్కటి అడగాలి. నాన్నగారి సంగతి మీవారికి చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పనట్టే ఉంది. ఆయనకు మీ అలసట కనిపిస్తోంది, చదువు మీకు ఇచ్చినది ఇంకా కనిపించలేదు. ముందు అది చెప్పండి. డబ్బు సంగతి, ఇంటి పనుల పంపకం ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.