తాతగారికి వచ్చింది ‘ఇదే’నా?

సందేహం: మేం బెంగళూరులో ఉంటాం. ఈమధ్య మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చింది. అమ్మ పక్షవాతం అంటుంది, పక్కింటి కన్నడావిడ పార్శ్వవాయువు అంటారు. తాతగారికీ ఇదే వచ్చింది కాబట్టి వంశపారంపర్యం అని బంధువులు తేల్చేశారు. డాక్టరుగారేమో ‘జెనెటిక్ రిస్క్ కొంత ఉండొచ్చు’ అన్నారు. ఈ జబ్బు పేర్లన్నీ ఒకటేనా? వంశపారంపర్యమూ జెనెటిక్ రిస్కూ ఒకటేనా? తెలుగులో ఏమని రాయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మగారి మాటా, పక్కింటావిడ మాటా అక్కచెల్లెళ్లు. పక్షమన్నా పార్శ్వమన్నా పక్కే. వాతమన్నా వాయువన్నా గాలే. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం చూసి పెట్టిన పేర్లవి. (కొందరు పక్షపాతం అని రాస్తుంటారు. అది జడ్జీలకు రాకూడని జబ్బు.) స్ట్రోక్ మాత్రం మెదడులో జరిగినదాని పేరు. రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా స్ట్రోకే. ఒక్కోసారి మాట తడబడుతుందంతే, కాలూ చెయ్యీ బాగానే ఉంటాయి. అప్పుడు పక్షవాతం అంటే అతకదు. వడదెబ్బ అన్నట్టు మెదడుదెబ్బ అని ఎవరూ అనడం లేదు కాబట్టి స్ట్రోక్ అనే రాయండి.

వంశపారంపర్యం దగ్గర మాత్రం జాగ్రత్త. అది ఒకప్పటి కరణీకానికి సరిపోయే మాట: తండ్రి తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు. స్ట్రోకుల్లో ఆ మాటకు దగ్గరగా వచ్చేది కాడాసిల్ అనే అరుదైన జబ్బు. నాచ్3 అనే జన్యువులో మార్పు వల్ల వస్తుంది. అమ్మానాన్నల్లో ఒకరికి ఆ మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం 50 శాతం. అందులోనూ కరణీకమంత ఖాయం లేదు, చూడండి!

మామూలుగా చూసే స్ట్రోకుల్లో ఎన్నో జన్యువుల తేడాలు తలా కాస్త చెయ్యివేస్తాయి. బీపీ, షుగరు, సిగరెట్టు వాటికి తోడు. పైగా రకాన్ని బట్టి జన్యువూ మారుతుంది. పిట్‌ఎక్స్2 అనే జన్యువు దగ్గరి తేడాలకు గుండె లయ తప్పడంతో సంబంధం ఉంది. అలా లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరవచ్చు. హెచ్‌డాక్9 అనే జన్యువు పేరు పెద్ద నాళాలు పూడుకుపోయే రకంలో వినిపిస్తుంది. ఏపీఓఈ జన్యువులో ఇ2, ఇ4 రూపాలు మెదడు పైపొరల దగ్గర నాళం చిట్లే ముప్పు పెంచుతాయి. అదే ఇ2 అల్జీమర్స్ ముప్పు తగ్గిస్తుంది. అలాంటిదాన్ని ‘జన్యులోపం’ అని ఎలా అంటాం? జన్యుభేదం అనండి, జన్యువులో తేడా అంటే ఇంకా మేలు. డాక్టరుగారి మాటకు ‘జన్యుపరమైన ముప్పు’ సరిపోతుంది.

ఇంకొకటి. తాతగారికీ ‘ఇదే’ వచ్చిందని రాశారు. ఆయనకు నాళం మూసుకుపోయిందో చిట్లిందో తెలిపే స్కాన్ ఏదైనా ఇంట్లో ఉందా? లేకపోతే ‘ఇలాంటిదే’ అని దిద్దుకోండి.