నీ ఈల ఏమైంది?

విజయనగరం

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సమీక్ష చదివాను. ఆ గూఢచారి సినిమాలో తప్పులన్నీ బియ్యంలో రాళ్లలా ఏరి పెట్టావు. ఒక్కటీ కాదనను. కొండ అంచు మీంచి మోటార్‌సైకిల్‌తో దూకినవాడు ఎగిరే విమానం రెక్క పట్టుకోవడమేటి, జుట్టు చెదరకపోవడమేటి! అయితే ఆ షాట్‌కి నా పక్క సీట్లోంచి లేచి ఈల వేసింది నువ్వే కదా బాబూ. ఆ ఈల సమీక్షలో ఎక్కడా వినబడలేదు. నా పేచీ దానితోనే.

నచ్చిందని రాస్తే నలుగురూ చులకన చేస్తారని భయం కాబోలు. విమానం లెక్క తప్పని చెప్పడానికి పదో తరగతి చదువు చాలు. ఎందుకు ఈల వేశావో చెప్పు, అప్పుడు చదువుతాను.

ఆ షాట్ మళ్లీ గుర్తు తెచ్చుకో. దూకేముందు హీరో ఏం చేశాడు? చేతి గడియారం విప్పి, తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. చావుకి జంకనివాడు గడియారానికి గీతలు పడతాయని బెంగపడ్డాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే బండి గాల్లోకి లేచింది. లెక్కలడిగే తీరిక మనకెక్కడిది? దర్శకుడి పనితనమంతా అక్కడుంది. నువ్వు గడియారం ఊసే ఎత్తలేదు.

అలాగని అన్నిటినీ వదిలెయ్యమనను. అంత తెలివైన విలన్ హీరోని కుర్చీకి కట్టేసి, తన పథకమంతా పాఠంలా అప్పజెప్పడం రాసినవాడి బద్ధకం. మొదట్లో అరడజను మందిని మట్టికరిపించిన పిల్ల చివర్లో కాపాడమని కేకలేస్తూ కూచోవడం మరీను. వాటిని ఉతికి ఆరెయ్యి.

‘ఈ గూఢచారి సినిమాల మోజంతా ఈమధ్య పట్టిన పిచ్చి’ అని కూడా రాశావు. కృష్ణగారి ‘గూఢచారి 116’ వచ్చింది 1966లో. విదేశీ గూఢచర్యానికని మన ప్రభుత్వం ‘రా’ని ఏర్పాటు చేసింది 1968లో. సర్కారు కంటే రెండేళ్లు ముందే మనకో గూఢచారి ఉన్నాడు, పైగా డ్యూయెట్లు కూడా పాడాడు!

మన పైడితల్లమ్మ పండగలో సిరిమాను చూస్తూ పెరిగినవాడివి. అంతెత్తున మాను చివర పూజారి ఊగుతుంటే గుండె చిక్కబట్టుకుని చూస్తాం, అది నిజం కాబట్టి. తెర మీదవాడు పడడని తెలుసు. అయినా కడుపులో అలాగే జివ్వుమంటుంది. అదెలాగో రాయడానికి ఒక పేజీ కేటాయించు.

తిరగరాసి పంపు. అన్నట్టు, ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లో నేను కునుకు తీశాను. అక్కడేం జరిగిందో నీ సమీక్ష చూసే తెలుసుకోవాలి.

ఉంటాను,
అన్నయ్య